ఆముదాలు మొలిచిన మన్ను దిబ్బ

నాగర్‌కర్నూలు గ్రంథాలయంలో పత్రికల బల్లకు ఎదురుగా ఉన్న అద్దాల బీరువాలోకి ఈ ఎండాకాలం ఒక కొత్త పుస్తకం వచ్చింది. పెద్ద రోడ్డును నాలుగు వరుసలుగా వెడల్పు చేసిన కంపెనీ, ప్రకృతికి తాను చేసిన మేలు గురించి అచ్చు వేయించిన పుస్తకం అది. నున్నటి కాగితం, రంగుల ఫొటోలు. అందులో ఒక పేజీ నిండా ఒక మన్ను దిబ్బ ఉంది. దిబ్బ మీద ఆముదం చెట్లు పచ్చగా నిలబడి ఉన్నాయి. తవ్విన నేలకు కంపెనీ మళ్లీ పచ్చదనం తెచ్చిందని కింద రాశారు.

ఆ దిబ్బ మా అక్క జములమ్మది. ఆముదాలు విత్తింది ఆమె. పేజీలో ఆమె పేరు గాని, నీడ గాని లేదు. కంపెనీ పుస్తకం ఆ బీరువాలో ఉన్నంత కాలం దాని పక్కన ఇంకో నాలుగు కాగితాలు ఉండాలనిపించి, పోయిన ఏడు దసరా వెళ్లాక ఆ దిబ్బ కోసం నేను చేసిన ప్రయాణం గురించి రాస్తున్నాను. అటువైపు పోయేవాళ్లకు బస్సుల సంగతీ రైలు సంగతీ కూడా పనికొస్తాయి.

నేను ఒక విత్తనాల దుకాణంలో గుమాస్తాను. మన్ను పని చేసే తల్లిదండ్రుల వెంట ఊళ్లు తిరగడంతో నా బడి చదువు ఏడో తరగతి మధ్యలోనే ఆగింది. ఆ తర్వాత నేను చదివిందంతా గ్రంథాలయంలోనే. భూసారం, చెట్లు, వంతెనలు, దేశదేశాల చరిత్ర, ఏది దొరికితే అది చదివాను. రోడ్డు పని మొదలుకాక ముందు, జనం చూసుకోవడానికని కంపెనీ తన హామీలన్నీ తెలుగులో రాసి ఒక పుస్తకం అక్కడ పెట్టింది. దాన్ని నేను తప్ప ఇంకెవరూ తెరిచినట్టు లేదు. అంచులు అతుక్కుని ఉన్న పేజీలను నేనే విడదీశాను. రోడ్డు కట్టకు కావలసిన మన్నును రైతు ఒప్పుకుంటేనే తీసుకుంటామని అందులో ఉంది. తవ్వేముందు పైమన్నును వేరుగా తీసి పక్కన పోస్తామని, పని కాగానే గుంత అడుగున మళ్లీ పరిచి రైతు విత్తుకునేట్టు చేసి ఇస్తామని ఉంది. నిలిచి ఉన్న పంటను ఎక్కడా ముట్టుకోబోమని కూడా ఉంది. నాకు ఆ మాటలు బాగా నచ్చాయి. పైమన్ను తయారవడానికి ఎన్ని తరాలు పడుతుందో నేను చదివి ఉన్నాను.

మా అక్క మానవపాడు దగ్గర ఒంటరిగా ఉంటుంది. బావ పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. చుట్టూ నల్లరేగడి, మధ్యలో ఆమెది ఒక ఎర్రమన్ను చెల్క, వాన మీద పండే చేను. ఇంటి కప్పు వేయించుకోవడానికి డబ్బు వస్తుందని, ఆ చెల్కలో మన్ను ఇవ్వడానికి ఆమె కంపెనీకి ఒప్పుకుంది. ఎండాకాలంలో మిషన్లు వచ్చి తవ్వుకుని పోయాయి. దసరా వెళ్లిన వారంలో పక్కింటివాళ్ల ఫోన్ నుంచి ఆమె మా దుకాణానికి ఫోన్ చేసింది.

"తమ్మీ, మిషన్లు ఎల్లిపోతున్నయంట. నా మన్ను దిబ్బ గట్లనే ఉన్నది. నువ్వు సదువుకున్నోనివి, జర అడుగు."

అంతే చెప్పింది. సేటును సెలవు అడిగి, హామీల పుస్తకంలోని ఆ వాక్యాలను ఒక కాగితం మీద రాసుకుని బయల్దేరాను.

నాగర్‌కర్నూలు నుంచి వనపర్తికి పొద్దున ఆరున్నరకు ఎర్రబస్సు ఉంది. కిటికీ సీటు కావాలంటే కొంచెం ముందే పోవాలి. గోపాల్‌పేటలో ఒక కూలీల గుంపు ఎక్కింది. తట్టలు, పారలు, చుట్టిన పరుపులు, ఒక గిన్నెల మూట. వనపర్తి నుంచి లారీలో పుణె దిక్కు పోతారట, కాలువ పనికి. వాళ్ల మేస్త్రీ నా పక్కన కూర్చుని ఏ పనికి పోతున్నావన్నా అని అడిగాడు. మన్ను పనికే అన్నాను. అతను నా చేతులు చూసి నవ్వాడు.

"నీయి కాయితం చేతులన్నా. పార పడ్తె పొద్దు గూకెటాల్లకు బొబ్బలే."

గుంపంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. మా నాన్న గుంపు కూడా ఇట్లాగే పోయేది. అప్పట్లో తట్టల కింద కూర్చుని వాన తప్పించుకున్న రోజులు నాకు గుర్తున్నాయి. ఆ మాట చెబుదామనుకున్నాను గాని, మేస్త్రీ అప్పటికే నిద్రపోయాడు.

వనపర్తి బస్టాండు బయట బండి మీద ఇడ్లీ వేడిగా దొరుకుతుంది, కాని చట్నీలో కారం ఎక్కువ. గద్వాల బస్సుకు ఇంకా సమయం ఉండటంతో అక్కడి గ్రంథాలయం చూద్దామని పోయాను. తాళం వేసి ఉంది. కొత్త ఊళ్లో నాకు తెలిసిన చోటు గ్రంథాలయం ఒక్కటే. అది మూసి ఉంటే ఇక ఎక్కడికి పోవాలో తోచదు. మెట్ల మీద కాసేపు కూర్చుని తిరిగి వచ్చాను.

పెబ్బేరు దాటి పెద్ద రోడ్డు ఎక్కగానే అది నాకు తెలిసిన రోడ్డులా లేదు. రెండు పక్కలా కొమ్మలు కలుపుకుని ఉండే చింతచెట్లు ఒక్కటీ లేవు. ఎండ సూటిగా బస్సులోకి వచ్చింది. కంపెనీ నాటిన మొక్కలు కొత్త రోడ్డు మధ్యలో వరుసగా ఉన్నాయి. కొన్ని చిగిర్చాయి, కొన్ని ఎండాయి. ఏవి ఎక్కువో చెప్పలేను, బస్సు ఎక్కడా ఆగలేదు. ముందు సీటులో గొర్రెల కాపరి ఒకాయన, ముసలాయన, కిటికీలోంచి అదేపనిగా చూస్తున్నాడు. రోడ్డు పూర్తయితే మూడు గంటల్లో హైదరాబాదు పోవచ్చట కదా అన్నాను.

"హైద్రాబాద్‌ల నాకేం పని బిడ్డా? నా గొర్లు ఈ దిక్కునుంచి ఆ దిక్కుకు పోతె సాలు."

బీచుపల్లి దగ్గర కృష్ణ నిండుగా పారుతోంది. పాత వంతెన మీద బస్సు నెమ్మదించింది. నాణేలు వేసేవాళ్లు వేశారు, దండం పెట్టుకునేవాళ్లు పెట్టుకున్నారు. పక్కన కొత్త వంతెన స్తంభాలు లేచి ఉన్నాయి. వాటిమీద నిలబడి పని చేస్తున్న మనుషులు కింది నుంచి చాలా చిన్నగా కనిపించారు.

గద్వాలలో దిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మట్టికోట వెనక వీధిలో ఒక అద్దె ఇంట్లో కంపెనీ ఆఫీసు ఉంది. పర్యావరణం చూసుకునే సార్ రోడ్డు మీదికి పోయాడని, సాయంత్రం వస్తాడని కాపలాదారు చెప్పాడు. హోటల్లో జొన్నరొట్టె, వంకాయ కూర తిన్నాను. కోట గోడ నీడన కూర్చుని, నేను అడగబోయే మాటలను వరుసగా అనుకున్నాను. అంత పెద్ద గోడనూ ఎవరో తట్టలతోనే మోసి కట్టి ఉంటారు.

ఆ సార్ పేరు మంజునాథ్. బళ్లారి మనిషి, ముప్పై కూడా ఉండవు. నాకు కుర్చీ వేయించి టీ తెప్పించాడు. నేను కాగితం తీసి ఒక్కో వాక్యం చదివాను. ఒక్కోదానికీ అతను "హౌదు" అని కన్నడంలో తల ఊపాడు. నేను గట్టిగా వాదించడానికి సిద్ధపడి పోయాను, ఎదుటి మనిషేమో అన్నీ ఒప్పుకున్నాడు. చివరికి మా అక్క పేరు, చెల్క ఉన్న చోటు చెప్పాను. అతని ముఖం వెలిగింది. కెమెరా తెచ్చి దాని వెనక ఉన్న చిన్న తెర నాకు చూపించాడు.

"ఈ దిబ్బేనా సార్? దిబ్బ కొట్టుకుపోకుండా దాని మీద ఏదో ఒకటి పెంచాలని మాకు రూలు. మేం గడ్డి వేసేలోపలే ఆమె ఆముదాలు వేసింది. మా పెద్ద సార్లు ఫొటో చూసి చాలా సంతోషించారు."

ఆముదాల సంగతి అక్క నాకు చెప్పలేదు. తెరలో మొక్కలు నడుము ఎత్తు ఉన్నాయి.

మిషన్ రెండుసార్లు అక్కడిదాకా పోయి తిరిగొచ్చిందట. నిలిచి ఉన్న పంటను ముట్టుకుంటే డ్రైవరు ఉద్యోగమూ పోతుంది, తన ఉద్యోగమూ పోతుందన్నాడు. ఆముదాలు తీసేశామని కబురు పెడితే ఒక్క పూటలో మన్నంతా పరిపించి ఇస్తానన్నాడు. "కాని దీపావళి లోపలే సార్. ఆ తర్వాత ఇక్కడ క్యాంపు ఉండదు." అతని మాటలో ఎగ్గొట్టే తీరు ఏదీ లేదు. బస్టాండు ఎదుటి లాడ్జిలో పడుకున్నాను. గది శుభ్రంగానే ఉంది. దుప్పటి మాత్రం ఎవరిది వాళ్లు తీసుకుపోవడం మంచిది.

పొద్దున స్టేషన్ దారిలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాను. గద్వాల పోయినవాళ్లు అవి తినకుండా రావద్దు. కర్నూలు వైపు పోయే ప్యాసింజరు రైలు ఆలస్యంగా వచ్చింది. ఎదురు సీట్లో జామకాయల గంపతో ఒక ఆమె కూర్చుంది. ఒక్కనివే పోతున్నవా అని అడిగింది. అవునన్నాను. పెండ్లాం, పిల్లలు అని అడిగింది. లేరన్నాను. ఆమె ఇంకేమీ అడగకుండా గంపలోంచి ఒక కాయ తీసి నా చేతిలో పెట్టింది.

చెల్క రైలు పట్టాలకూ ఊరికీ మధ్య ఉంది. స్టేషన్ నుంచి పట్టాల వెంట నడిస్తే అదే ముందు వస్తుంది. గుంత నిలువెత్తు లోతు ఉంది. అడుగున వాన నీళ్లు ఎండి నేల పెచ్చులు లేచింది. గుంత నడుమ మంచమంత వెడల్పున ఒక మన్ను దిమ్మె ఒంటరిగా నిలబడి ఉంది. దాని నెత్తిన పాత చెల్క గడ్డి ఇంకా ఉంది. మన్ను పని చేసేవాళ్లు ఎంత లోతు తవ్విందీ కొలవడానికి అట్లాంటి దిమ్మెలు వదులుతారు. మిషన్లు వచ్చాక ఎవరూ వదలడం లేదు. ఇది మాత్రం మా అక్క మిషన్ ముందు నిలబడి వదిలించిందట.

గుంత ఒడ్డున దిబ్బ ఉంది. మొక్కలు ఫొటోలో కంటే ఎదిగాయి. గెలలు వేశాయి, కింది గెలల్లో కాయ పట్టింది. మా అక్క వాటి నడుమ కూర్చుని కలుపు తీస్తోంది. నన్ను చూసి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అన్నం తిన్నవా తమ్మీ? ఎంత సన్నపడ్డవు, ఎండిన కట్టెలెక్క."

ఉన్న సంగతంతా చెప్పాను. ఆమె విని గట్టిగా నవ్వింది. "అంటె మిషనోళ్లు ఆముదాలను జూసి వాపస్ పోయిండ్రా? నేను నన్ను జూసి పోయిండ్రనుకున్న."

అసలు దిబ్బ మీద ఎందుకు విత్తినవక్కా, ఎవరికి చెప్పి విత్తినవు అని కొంచెం కోపంగానే అడిగాను.

"మృగశిర పడ్డది. మన్ను తడిసి వాసనొస్తున్నది. ఊకె కూసుంటనా? నా మన్నుల విత్తనీకె ఎవర్ని అడగాలె?"

మా వాళ్లలో తడిసిన నేలను వదిలి కూర్చునేవాళ్లు ఎవరూ లేరు. అది చెల్కో దిబ్బో చూడరు, వాన పడితే విత్తుతారు. కంపెనీ రూళ్లు రాసినవాళ్లకు ఆ సంగతి తెలియదు. నాకు తెలిసి కూడా తట్టలేదు.

ఇంటికి పోయి అన్నం తిన్నాక నాకు తెలిసిందంతా వివరంగా చెప్పాను. ఆముదాలు ఒక్క ఏటి పంట, నేల బతికున్నంత కాలం ఉండేది. మిషన్ ఒక్క పూటలో చేసే పని మనుషులకు ఏళ్లు పడుతుంది. దీపావళి దాటితే ఎవరూ రారు. ఈ రోజే పీకేద్దాం, సాయంత్రానికి నేనే పోయి కబురు చెబుతానన్నాను. ఆమె అన్నీ విని తల ఊపింది.

"నువ్వు సెప్పేది నిజమే తమ్మీ. కాని కాయ పట్టినదాన్ని పీకి, మల్ల ఏ మొఖంతోని ఇత్తనం పట్టుకోవాలె? శ్రావణంల వాన ఆగితె దీనికి బిందెతోని నీళ్లు మోసిన."

ఇంకా ఏదో చెప్పబోయాను. ఆమె లేచి ఇంటి వెనక నుంచి పార, రెండు తట్టలు తెచ్చింది. దిబ్బకు ఉత్తరం పక్క ఆముదాలు మొలవలేదు. అటు తీసుకుపోయింది. అక్కడ దిబ్బ అంచు చెక్కినట్టు ఉంది. అక్కడి నుంచి గుంతలోకి కాలిబాట పడి ఉంది. దిమ్మె మొదలు చుట్టూ ఎర్రటి పైమన్ను వలయంలా పరిచి ఉంది. అదంతా ఆమె ఒక్కతే తట్టలతో మోసి పోసింది.

"కాయ కోసినంక మిగిలింది పోస్త," అంది. "అందాక ఈ బోడి పక్కది."

పార నేను పట్టాను. తట్ట ఆమె ఎత్తుకుంది. చిన్నప్పుడు గుంపులో చేసిన తీరే ఇదంతా. ఒకరు నింపుతారు, వాలు నడుమ ఒకరు అందుకుంటారు, ఇంకొకరు పోస్తారు. ఇప్పుడు అందుకోవడానికి నడుమ ఎవరూ లేరు. తట్ట నింపి నేనే వాలు సగం దాకా దిగి ఆమెకు అందించి, మళ్లీ పైకి ఎక్కి వచ్చేవాణ్ణి. ఆ నడుమ చోటికి పోయినప్పుడల్లా అమ్మ నిలబడేది అక్కడే కదా అనిపించింది. అక్కకూ అనిపించి ఉంటుంది. తట్ట అందుకునేటప్పుడు ఆమె నా వైపు చూడలేదు. నా అరచేతులు చాలా త్వరగా బొబ్బలెక్కాయి. గోపాల్‌పేట మేస్త్రీ చూడలేదు, నయం.

సాయంత్రం కంపెనీ జీపు వచ్చింది. మంజునాథ్ దిగి, దిబ్బనూ, గుంతలో వలయాన్నీ, మా ఇద్దరినీ చూశాడు. కెమెరా అతని మెడలోనే ఉంది, తీయలేదు. క్యాంపు ఎత్తేసినా సరే, పంట కోశాక తానే ఒక ట్రాక్టరు పంపిస్తానని మా అక్కతో అన్నాడు. ఆ మాట కంపెనీది కాదు, అతనిది. వినగానే నాకు తెలిసింది.

మా అక్క తట్ట దించి అతనికి మంచినీళ్లు ఇచ్చింది. "పంపిస్తె మంచిదే సారూ. పంపకున్నా మన్ను ఈడనే ఉంటది, నేనూ ఈడనే ఉంట."

మర్నాడు మధ్యాహ్నం గద్వాల వైపు పోయే ప్యాసింజరుకు అక్క స్టేషన్ దాకా రాలేదు. నేనే వద్దన్నాను. కిటికీ సీటు దొరికింది. రైలు కదిలిన కొద్దిసేపటికే చెల్క వచ్చింది. దిమ్మె నెత్తి మీద గడ్డి గాలికి కదులుతోంది. దిమ్మె పక్కన ఆమె తట్ట బోర్లించి దాని మీద కూర్చుని ఉంది. చేయి ఊపాను. ఎండ ఆమె కళ్లలో పడుతోంది, చూసిందో లేదో తెలియదు. పెట్టెలో ఇంకెవరూ ఆ వైపు చూడలేదు. చూసినా వాళ్లకు కనిపించేది ఒక గుంత, ఒక దిబ్బ, ఒక మనిషి.

గద్వాల నుంచి వనపర్తి దాకా బస్సులో ఆ కాగితాన్ని మళ్లీ చదివాను. పైమన్ను తిరిగి పోస్తామన్న మాట మంచిది. పంటను ముట్టుకోబోమన్న మాట కూడా మంచిది. కంపెనీ రెండో మాటను నిలబెట్టుకుంది, మొదటిది దాని కింద పడిపోయింది. రెండు మాటలూ ఒకే మనిషి చెల్క మీదికి ఒకేసారి వస్తే ఏం చేయాలో ఆ హామీల పుస్తకంలో నాకు కనిపించలేదు. ఇంకెక్కడైనా ఉందేమోనని ఇప్పటికీ వెతుకుతున్నాను. చీకటి పడేవేళ నాగర్‌కర్నూలులో దిగాను. గ్రంథాలయంలో దీపం ఇంకా వెలుగుతోంది. గదికి పోకుండా ముందు అక్కడికే పోయాను.

నాకు తోడ్పడినవాళ్లను తలుచుకోవాలి. పండగ గిరాకీలో కూడా సెలవిచ్చిన మా దుకాణం సేటు రాజేశ్వర్ గారికి, తన ఫోన్ నుంచి కబురు చేయనిచ్చిన అక్క పక్కింటి తిమ్మప్పకు కృతజ్ఞతలు. రైలులో జామకాయ ఇచ్చిన ఆమె పేరు అడగలేదు, ఆమెకు కూడా. ఈ కాగితాలను కంపెనీ పుస్తకం పక్కన పెట్టడానికి ఒప్పుకున్న గ్రంథపాలకుడు ఖాసిం సాబ్‌కు కృతజ్ఞతలు. మంజునాథ్ గారికి కూడా. క్యాంపు ఎత్తేశాక ఆయనను వేరే రాష్ట్రానికి పంపించారట, ట్రాక్టరు రాలేదు. అయినా చెప్పిన రోజున ఆయన ఆ మాట నిజంగానే అన్నాడు. చివరగా మా అక్క జములమ్మకు. ఆముదాలు కోశాక దిబ్బ మన్నంతా ఆమె ఒక్కతే మోస్తోంది. దిమ్మె చుట్టూ మోకాలి దాకా వచ్చిందట. మొన్న మృగశిర పడగానే అక్కడ జొన్నలు విత్తానని ఫోన్ చేసింది.